నారిస్ కట్టిన పాట

హేజిల్‌డెన్‌లో నారిస్ టాటర్సాల్ ఎవరని అడిగితే, ముప్పై ఒక్కేళ్ళు నలభై ఏడో నంబరు బస్సు నడిపినవాడని ఎవరూ చెప్పరు. ఆ బస్సెక్కి బడికెళ్ళి పెద్దవాళ్ళయినవాళ్ళు కూడా చెప్పరు. "ఓ, ఆ పాట కట్టినాయనా?" అంటారు. ఊరంతటికీ కలిపి ఉన్నది ఒక్క ఫుట్‌బాల్ జట్టు. దానికి పాటలు చాలానే ఉన్నాయి గానీ, పిల్లా పెద్దా అందరికీ నోటికొచ్చింది మాత్రం ఒక్కటే. అది నారిస్‌ది. అది తిట్టుపాట.

ఆ పాటంటే నారిస్‌కు ఎంత గర్వమంటే, భార్య ఎడిత్ బతికున్న రోజుల్లో "నీ సమాధి మీద కూడా అదే చెక్కించుకునేట్టున్నావు" అని దెప్పిపొడిచేది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. పిల్లల్లేరు. ఇక అతనికి మిగిలినవి మూడు: స్టాండులో డి వరసలో పద్నాలుగో సీటు, అటక మీద యాభై ఏళ్ళుగా ప్రతి ఆటకీ కొని దాచిన మ్యాచ్ పుస్తకాలు, శనివారం ఆట అయ్యాక షటిల్ పబ్బులో కిటికీ పక్క బల్ల. ఆ బల్ల దగ్గర అతని మాటకు అడ్డు చెప్పేవాడు ఒక్క విల్ఫ్ మాత్రమే. విల్ఫ్ ఒకప్పుడు ఊరికి ఉత్తరాలు పంచేవాడు, ఇప్పుడు అభిప్రాయాలు పంచుతున్నాడు.

ఆ శనివారం కూడా జట్టు రెండు సున్నాతో ఓడింది. ఓడినప్పుడల్లా ఆ బల్ల దగ్గర మాటలు ఎక్కడ మొదలైనా చివరికి అలెక్ బ్రిండిల్ దగ్గరికే చేరతాయి. ఆయన జట్టును ఆడించే మేనేజరు పదవి నుంచి వెళ్ళిపోయి ఏడేళ్ళయింది. వీళ్ళు మాత్రం ఆయన్ని వదలలేదు.

"మన దరిద్రం ఆ చివరి ఏడాదితోనే మొదలైంది," అన్నాడు నారిస్, మాంసం, బంగాళాదుంప కూరి కాల్చిన రొట్టె మీద ఎర్ర క్యాబేజీ పచ్చడి వేసుకుంటూ. "డ్రెస్సింగ్ రూములో ఒక్కడు ఆయన మాట వింటే ఒట్టు. కుర్రాళ్ళ మనసు విరిగిపోయింది."

"ఒరేయ్, నువ్వేమన్నా వాళ్ళ సాక్స్ ఉతికావా?" అన్నాడు విల్ఫ్. "మంచి ఆటగాళ్ళిద్దర్నీ పైవాళ్ళు వేరే జట్లకి అమ్మేసుకున్నారు. ఇక ఆ మనిషి ఎవడితో ఆడిస్తాడు?"

"అమ్మితే అమ్మారు. ఉన్నవాళ్ళు ఆయన్ని వెక్కిరించారంటే ఏంటర్థం? చొక్కాల మీద పేర్లు అంటించుకుని నిలబడ్డారు! ఈ రెండు కళ్ళతో చూశాను."

"కంచె బయట నిలబడి చూశావు."

"కంచెకి కన్నాలుండవేంట్రా?"

పబ్బు నడిపే షీలా గ్లాసులు తీయడానికి వచ్చి, "ఆయన చాలా మర్యాదస్తుడబ్బా. గ్లాసు తనే తెచ్చి ఇచ్చేవాడు," అంది. మర్యాదకి పాయింట్లు ఇవ్వరన్నాడు నారిస్. బల్లంతా నవ్వింది. పక్క బల్లవాళ్ళు పాటందుకున్నారు. నారిస్ తింటూనే ఫోర్కుతో తాళం వేశాడు.

ఆ చివరి ఏడాది సంగతి చెప్పాలి. బ్రిండిల్ వయసులో ఉండగా ఇదే జట్టుకు ఆడాడు. బంతిని తలతో కొట్టి గోల్ చేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. తర్వాత ఇదే జట్టుకు మేనేజరై తొమ్మిదేళ్ళలో లీగులో రెండు మెట్లు పైకి లాక్కొచ్చాడు. ఊరు ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. పదో ఏట జట్టు ఓడడం మొదలుపెట్టింది. ఒక మ్యాచ్‌లో బ్రిండిల్ నిబంధన ప్రకారం మార్చగలిగిన ముగ్గురినీ మార్చేసి, నాలుగోవాణ్ణి కూడా మైదానంలోకి పంపబోతే రిఫరీ ఆపాడు. కెప్టెన్ క్రాస్లీని పట్టుకుని "రెజీ! రెజీ!" అని కేకలేసేవాడు. రెజీ అన్నవాడు బ్రిండిల్‌తో కలిసి ఆడి, ఎప్పుడో పోయాడు. జనం ముందు నవ్వుకున్నారు, తర్వాత విసుక్కున్నారు, ఆ తర్వాత ఊళ్ళో ప్రతివాడూ డ్రెస్సింగ్ రూములో ఏం జరుగుతోందో తనకే తెలిసినట్టు మాట్లాడడం మొదలుపెట్టాడు.

ఆ ఏడాది జనవరిలో ఒక ఉదయం, నారిస్ సెలవు పెట్టుకుని జట్టు సాధన చూడడానికి వెళ్ళాడు. మంచు తుంపర పడుతోంది. కంచె అవతల ఇరవైమంది ఆటగాళ్ళు. ప్రతివాడి రొమ్ము మీదా చీలమండలకు చుట్టుకునే తెల్ల ప్లాస్టర్ ముక్క, దాని మీద నల్ల సిరాతో పెద్దపెద్ద అక్షరాల్లో వాడి వాడి పేరు. పదేళ్ళుగా ఆయన కింద ఆడుతున్న క్రాస్లీ రొమ్ము మీద కూడా క్రాస్లీ అని రాసి ఉంది. నారిస్ ఒక్క క్షణం నిలబడి చూశాడు. విషయం అర్థమైపోయిందనుకున్నాడు. మేనేజరుకి పేర్లు గుర్తుండడం లేదు కాబట్టి కుర్రాళ్ళంతా కలిసి ఆయన మొహం మీదే ఎగతాళి చేస్తున్నారు! డ్రెస్సింగ్ రూము తిరగబడిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? మర్నాడు బస్సు నడుపుతూ, స్టేషనుకీ ఆస్పత్రికీ మధ్య, చర్చిలో అందరికీ వచ్చిన పాత కీర్తన వరసలో పాట కట్టేశాడు.

అలెక్, అలెక్, నా పేరేంటి?
నిన్నటి పేరా, మొన్నటి పేరా?
చొక్కా మీద రాశాం చూడు,
చదివేసుకుని ఇంటికి పో!

ఆ శనివారం డి వరస పాడింది. తర్వాతి శనివారం స్టాండు సగం పాడింది. మూడో వారం అయిదువేలమంది లేచి నిలబడి, చేతులు ఊపుతూ పాడారు. మైదానం అంచు గీత పక్కన నిలబడ్డ బ్రిండిల్ వెనక్కి తిరిగి, నవ్వి, చెయ్యెత్తి ఊపాడు. 'చూడండి పొగరు!' అని నారిస్ పక్కవాళ్ళతో అన్నాడు. పది రోజుల్లో ఆయన్ని పంపించేశారు. ఆ రాత్రి షటిల్‌లో నారిస్‌ను భుజాల మీద ఎత్తుకున్నారు.

ఇది జరిగి ఏడేళ్ళు. ఇప్పుడు, ఆ రెండు సున్నా ఓటమి తర్వాత సోమవారం, మ్యూరియెల్ ఫోన్ చేసింది. ఆమె రిటైరైన నర్సు. మంగళవారాలు మధ్యాహ్నం చర్చి పక్క హాల్లో మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళను కూర్చోబెట్టి పాత ఆటల కబుర్లు చెప్పిస్తోంది. నిన్నటిది గుర్తులేనివాళ్ళకు యాభై ఏళ్ళ కిందటి గోల్ మాత్రం గుర్తుంటుందట.

"మీ దగ్గరున్నన్ని మ్యాచ్ పుస్తకాలు ఊళ్ళో ఎవరి దగ్గరా లేవంటగా. కాసిని పట్టుకుని వస్తారా?" అంది.

పొగిడితే నారిస్ ఎక్కడికైనా వస్తాడు. మంగళవారం రెండింటికల్లా రెండు సంచులు మోసుకుంటూ హాజరయ్యాడు. మ్యూరియెల్ ఎదురొచ్చి, తెల్ల ప్లాస్టర్ ముక్క ఒకటి చింపి, దాని మీద నల్ల సిరాతో నారిస్ అని రాసి, కోటు మీద అంటించింది.

"ఇదెందుకు?"

"ఇక్కడ అందరికీ ఉంటుంది. పేరు గుర్తురాక వాళ్ళు సిగ్గుపడకుండా. చూసి చదువుకుంటారు, అంతే."

నారిస్ వంగి కోటు మీది ముక్కను చూసుకున్నాడు. ఈలోగా తలుపు తెరుచుకుని, శుభ్రంగా ఇస్త్రీ చేసిన కోటూ టై వేసుకున్న ముసలాయన భార్య చెయ్యి పట్టుకుని లోపలికొచ్చాడు. బ్రిండిల్. మనిషి సగమయ్యాడు. నారిస్‌కు సంచులతో సహా వెనక తలుపులోంచి వెళ్ళిపోవాలనిపించింది. కానీ మ్యూరియెల్ అప్పటికే ఆయన్ని తెచ్చి అతని ఎదురుగా కూర్చోబెట్టింది.

బ్రిండిల్ ముందుకు వంగి ప్లాస్టర్ చూశాడు. "నా... రిస్. నారిస్! ఎలా ఉన్నావబ్బాయ్? మోకాలు తగ్గిందా?"

నారిస్ మోకాలికి ఏమీ కాలేదు. "తగ్గింది, బాస్," అన్నాడు.

ఏ పుస్తకం తెరిచినా ఆ మనిషి కళ్ళు వెలిగిపోయాయి. బురదలో ఆడిన ఒక కప్పు మ్యాచ్ గురించి చెప్పాడు. మూలనుంచి బంతి ఎలా వంకర తిరిగి వచ్చిందో, తను ఎవరి భుజం మీదుగా ఎగిరాడో, అవతలి గోల్ కీపరు ఏమని బూతు తిట్టాడో అన్నీ చెప్పాడు. నారిస్ ఆ మ్యాచ్ చూశాడు. అప్పుడు పంతొమ్మిదేళ్ళవాడు, గొంతు పోయేదాకా అరిచాడు. ఒక పావుగంట ఇద్దరూ అన్నీ మర్చిపోయి చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

"తలతో కొట్టిన ప్రతి బంతికీ చప్పట్లు కొట్టారు మీరంతా," అంది భార్య ఐరీన్, టీ కప్పులు పెడుతూ. "ఈ జబ్బు దానివల్లే వచ్చిందని డాక్టర్లు చెప్పలేరట. కాదనీ చెప్పలేరట."

బ్రిండిల్ నారిస్ కోటు మీది ప్లాస్టర్‌ను వేలితో నిమిరి మళ్ళీ చదువుకున్నాడు. ఐరీన్ అది చూసి చిన్నగా నవ్వింది.

"ఇదంటే ఆయనకి ప్రాణం. చివరి ఏడాది కుర్రాళ్ళంతా ఇలాగే అంటించుకునేవాళ్ళు. క్రాస్లీ ఆలోచన అది. ఒకరోజు వాణ్ణి రెజీ అని పిలిచి, తప్పు తెలుసుకుని, ఈయన బూట్ల గదిలోకి వెళ్ళి ఏడ్చాడట. మర్నాటికల్లా ఇరవైమందీ పేర్లు అంటించుకొచ్చారు. ఒక్కడు నవ్వలేదు, ఒక్కడు బయట చెప్పలేదు. ఏ ఆటగాణ్ణి దింపాలో కూడా ఆట మొదలవకముందే క్రాస్లీ చెవిలో చెప్పేవాడు. అంత బాగా చూసుకున్నారు ఆ పిల్లలు."

నారిస్ చేతిలోని టీ కప్పు కింద పెట్టేశాడు. ఏడేళ్ళుగా ప్రతి శనివారం ఆ ప్లాస్టర్‌నే సాక్ష్యంగా చూపించి, డ్రెస్సింగ్ రూము కూలిపోయిందని బల్లగుద్ది చెప్పాడు. ఆ ఊళ్ళో ఆ ఏడాది చెక్కుచెదరనిది ఏదన్నా ఉందంటే అది ఆ డ్రెస్సింగ్ రూమే. కూలిపోయింది తను కూర్చున్న స్టాండు.

అది చాలదన్నట్టు బ్రిండిల్ కుర్చీలో వెనక్కి వాలి, కాలితో తాళం వేస్తూ మొదలుపెట్టాడు. "అలెక్, అలెక్, నా పేరేంటి... నిన్నటి పేరా, మొన్నటి పేరా..." అక్కడితో ఆపి, మళ్ళీ మొదటికొచ్చాడు. "అయిదువేలమంది, అబ్బాయ్! నా పేరు పెట్టి పాడారు! ఏ మేనేజరుకి పాడారు అలా?"

నారిస్‌కు చెవులు మండిపోయాయి. భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. చచ్చేంత సిగ్గంటే ఏమిటో అరవై ఎనిమిదేళ్ళొచ్చాక ఆ మంగళవారం తెలిసింది అతనికి.

"మొదటి రెండు ముక్కలే గుర్తున్నాయి ఆయనకి," అంది ఐరీన్ నెమ్మదిగా. "మిగతావి నాకు గుర్తున్నాయి. మా ఇల్లు మైదానం పైన కొండవాలు మీదే కదా. శనివారాలు కిటికీలు మూసుకుని కూర్చునేదాన్ని. అయినా వినపడేది." కప్పు అతని వైపు జరిపి అడిగింది. "మీరు వెళ్ళేవారా అప్పుడు, మ్యాచ్‌లకి?"

ఇదే సమయం. నోరు తెరిచి చెప్పాల్సింది ఇప్పుడే. యాభై ఏళ్ళలో సొంత ఊళ్ళో జరిగిన మ్యాచ్‌లు రెండంటే రెండే మానిన నారిస్, "ఆఁ... ఎప్పుడన్నా," అన్నాడు.

ఇంటికొచ్చి ఎడిత్ ఫొటో వైపు చూడలేకపోయాడు. ఆమె ఉంటే ఏమనేదో అతనికి తెలుసు.

శనివారం మ్యాచ్‌కు వెళ్ళకూడదనుకున్నాడు, వెళ్ళాడు. ఇప్పుడున్న మేనేజరు ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, ఎప్పుడూ కంప్యూటరు చూసుకుంటూ ఉంటాడు. మొదటి పావుగంటలోనే సొంత జట్టు మీద గోల్ పడింది. స్టాండు ఊరుకుంటుందా? పేరు మార్చి అదే పాట అందుకుంది. నారిస్ లేచి నిలబడి, "ఆపండి! ఆ పాట వద్దు! ఆపండి!" అని అరిచాడు. ఆ గోలలో ఎవరికి వినపడుతుంది? ముందు వరసలో ఉన్న లావుపాటి ఆవిడ వెనక్కి తిరిగి, అతను ఒక్కడే పాడకపోవడం చూసి జాలిపడింది.

"మాటలు రావా తాతగారూ? చాలా తేలికండీ. నాతోపాటు అనండి." ఒక్కో మాటా విడదీసి, ఓపిగ్గా నేర్పింది.

నారిస్ సీట్లో కూలబడ్డాడు. బయటకు వదిలిన పాటను వెనక్కి తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు.

సాయంత్రం షటిల్‌లో విల్ఫ్ కాలు దువ్వాడు. "ఈ కంప్యూటరు బాబు కూడా డ్రెస్సింగ్ రూమును పోగొట్టుకున్నట్టున్నాడు. ఏమంటావ్, నారిస్? అచ్చం బ్రిండిల్ కథేగా?"

"బ్రిండిల్ గురించి నేను చెప్పిందంతా తప్పు," అన్నాడు నారిస్. ప్లాస్టర్ల సంగతి, బూట్ల గది సంగతి, కిటికీలు మూసుకున్న ఐరీన్ సంగతి అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ బల్ల మీది ఉప్పు డబ్బా వైపే చూశాడు.

విల్ఫ్ గడ్డం గోక్కున్నాడు. "అయితే మాత్రం వరసగా ఎనిమిది ఓడిపోయాం కదా. అది అబద్ధం కాదుగా?"

"కాదు."

"మరి జబ్బని ఎవరన్నా ఒక్క ముక్క చెప్పొచ్చుగా? మనమేమన్నా రాక్షసులమా?"

షీలా గ్లాసులు తుడుస్తూనే అంది. "చెబితే దానిమీద ఇంకో పాట కట్టేవాళ్ళు."

విల్ఫ్ గ్లాసు ఖాళీ చేసి, చాలాసేపు కోటు గుండీలు పెట్టుకున్నాడు. వెళ్ళేముందు నారిస్ భుజం మీద చెయ్యి వేసి, "నేను కూడా పాడానురా," అన్నాడు. నారిస్‌కు అది ఓదార్పు కాలేదు. విల్ఫ్ పాడాడు, ఊరంతా పాడింది, నిజమే. కట్టింది మాత్రం తనొక్కడే.

మంగళవారం నారిస్ గంట ముందే వెళ్ళి హాలు గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి సంచుల్లేవు. ఐరీన్ భర్తను లోపల కూర్చోబెట్టి, గొడుగు దులపడానికి బయటకొచ్చింది.

"మిసెస్ బ్రిండిల్, మీకో మాట చెప్పాలి. ఆ పాట... ఆ పాట కట్టింది నేనే."

"తెలుసండీ."

"ఎప్పటినుంచి?" అన్నాడు నారిస్.

"ఈ ఊళ్ళో నారిస్ టాటర్సాల్ పేరు తెలియనిది ఎవరికి? పోయినవారం ప్లాస్టర్ మీద పేరు చూడగానే తెలిసింది. అందుకే అడిగాను మ్యాచ్‌లకి వెళ్ళేవారా అని. చెబుతారా, చెప్పరా చూద్దామని."

"చెప్పలేదు."

"అవును. చెప్పలేదు."

"క్షమించమని అడగడానికి నాకు మొహం లేదమ్మా."

"అడక్కండి. అడిగితే ఏం చెప్పాలో నాకింకా తెలీదు." గొడుగు మూసి గోడకు ఆనించింది. "కానీ ఒక్కటి చెబుతాను. ఆయనకి ఏదీ మిగల్లేదు. నా పేరు కూడా కొన్ని రోజులు ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు. ఆ పాటలో మొదటి రెండు ముక్కలు మాత్రం పోలేదు. ఊరంతా తనని మెచ్చుకున్నారనుకుంటున్నాడు. మీ మనసు తేలికపరుచుకోవడానికి ఆ ఒక్కటీ ఆయన దగ్గర్నుంచి లాక్కోకండి. చేతనైతే ఆయనతో కలిసి పాడండి."

నారిస్ లోపలికి వెళ్ళాడు. మ్యూరియెల్ ప్లాస్టర్ అంటించింది. బ్రిండిల్ ముందుకు వంగి అక్షరాలు కూడబలుక్కున్నాడు. "నా... రిస్. నారిస్! ఎలా ఉన్నావబ్బాయ్? మోకాలు తగ్గిందా?"

"తగ్గింది, బాస్."

"పాట వచ్చా నీకు?"

వచ్చన్నాడు నారిస్. ఇద్దరూ పాడారు. అయిదువేలమందిలో ఎలుగెత్తి పాడినవాడు ఆ చిన్న హాల్లో గొణిగినట్టు పాడాడు. "అలెక్, అలెక్, నా పేరేంటి... నిన్నటి పేరా, మొన్నటి పేరా..." మూడో ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ బిగువున ఆపేసి, బ్రిండిల్‌తోపాటు మళ్ళీ మొదటికొచ్చాడు. పక్క కుర్చీలో ఐరీన్ అల్లుకుంటున్న ఉన్ని వైపు చూస్తూ కూర్చుంది.

"ఎవడు కట్టాడో గానీ," అన్నాడు బ్రిండిల్, కళ్ళు తుడుచుకుంటూ, "మంచి మనసున్నవాడయ్యుంటాడు. నీకు తెలుసా వాణ్ణి?"

నారిస్ ఐరీన్ వైపు చూశాడు. ఆమె అల్లిక ఆపింది గానీ తల ఎత్తలేదు.

"నేనే, బాస్. నేనే కట్టాను."

బ్రిండిల్ లేవబోయాడు, లేవలేక కూర్చునే రెండు చేతులూ చాచి నారిస్ చెయ్యి పట్టుకున్నాడు. ఇంకా బలం తగ్గని పెద్ద చేతులు అవి. "నువ్వా అబ్బాయ్! ఇన్నాళ్ళూ చెప్పలేదేం? నీకెలా థాంక్స్ చెప్పాలో తెలీడం లేదు," అన్నాడు. అని, వదలకుండా ఊపుతూనే ఉన్నాడు. చెయ్యి వెనక్కి లాక్కునే హక్కు తనకు లేదని నారిస్‌కు తెలుసు.

ఆ తర్వాత ఏ మంగళవారమూ నారిస్ మానలేదు. శనివారాలు మానేశాడు. డి వరసలో పద్నాలుగో సీటు ఖాళీగానే ఉంటోంది. హాల్లో ప్రతివారం బ్రిండిల్ పేరు చదువుతాడు, మోకాలి గురించి అడుగుతాడు, పాట కట్టింది ఎవరని అడుగుతాడు. నేనేనని నారిస్ చెబుతాడు. పోయినవారం సంగతి గుర్తులేని ఆ మనిషి, అప్పుడే కొత్తగా విన్నట్టు, రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని థాంక్స్ చెబుతాడు.